ఏది ఎన్ని చేయాలి? లీనియర్ ప్రోగ్రామింగ్‌తో లెక్క తేల్చుకోవడం ఎలా

"సరుకు ఇంతే ఉంది, మనుషులు ఇంతే ఉన్నారు, చేయగలిగిన వస్తువులు నాలుగైదు రకాలు. ఏది ఎన్ని చేస్తే ఎక్కువ మిగులుతుంది?" ఈ ప్రశ్నను వర్క్‌షాప్ నడిపేవాళ్లు అడిగారు, గోడౌన్ చూసుకునేవాళ్లు అడిగారు, కాలేజీలో లీనియర్ ప్రోగ్రామింగ్ (ఉన్న వనరులతో ఎక్కువ మిగిలే కలయికను లెక్కకట్టే గణిత పద్ధతి) చదివి పాసైనవాళ్లు ఇంకా ఎక్కువ అడిగారు. వాళ్ల బాధ ఒకటే: గ్రాఫ్ గీసి మూలలు చూడటం వచ్చు, కానీ దాన్ని తమ పనికి ఎలా తగిలించాలో తెలియదు. ప్రతిసారీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని ఇది.

ముందే ఒక మాట. కంప్యూటర్ లెక్క కట్టడానికి ఒక సెకను కూడా పట్టదు. మీ టైమంతా పట్టేది రెండుచోట్ల: ప్రశ్నను సరిగ్గా రాయడం, వచ్చిన జవాబును నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ రెండింటికే.

ఏమేం కావాలి

- ఒక స్ప్రెడ్‌షీట్. ఎక్సెల్ ఉంటే అందులో ఈ లెక్క కట్టిపెట్టే సాల్వర్ అనే యాడ్-ఇన్ (అదనపు టూల్) ఉంటుంది, దాన్ని ఆన్ చేయాలి: ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, కింద ఎక్సెల్ యాడ్-ఇన్స్ పక్కన 'గో' నొక్కి, సాల్వర్‌కి టిక్ పెట్టండి. డేటా ట్యాబ్‌లో కుడివైపు చివర కనిపిస్తుంది. డబ్బు పెట్టకూడదనుకుంటే లిబ్రేఆఫీస్ కాల్క్‌లో టూల్స్ మెనూ కింద సాల్వర్ ఉంది. గూగుల్ షీట్స్ వాడేవాళ్లకు ఓపెన్‌సాల్వర్ యాడ్-ఆన్ ఉంది.
- ఒక్కో వస్తువుకు ఏ వనరు ఎంత పడుతుందో చెప్పే అంకెలు. ఊహించి రాసినవి కాదు, కొలిచినవి.
- ఒక్కో వనరు ఎంత ఉందో, ఎన్ని రోజులకో.
- పని దగ్గర ఉండే మనిషి ఒకరు. వాళ్లతో అరగంట కూర్చోకుండా ఈ లెక్క మొదలుపెట్టకండి. మీకు తోచని అడ్డంకులు వాళ్ల నోట్లో ఉంటాయి.

ఇది పనికొచ్చే సందర్భమేనా?

రెండింతలు చేస్తే రెండింతలు పట్టాలి, రెండింతలు మిగలాలి. ఒక కుర్చీకి 3 చెక్క పలకలైతే పది కుర్చీలకు 30 కావాలి. 'లీనియర్' అంటే ఇదే. ఈ నిష్పత్తి మీ పనిలో దాదాపుగా నిలుస్తుందంటే ముందుకు వెళ్లండి. "వంద దాటితే రేటు తగ్గుతుంది", "ఎక్కువ తయారుచేస్తే అమ్మకం ధరే పడిపోతుంది" లాంటివి ఉంటే అవి నేరుగా ఇందులో ఇమడవు. కొన్నిటికి దారి ఉంది, అది 8వ మెట్టులో చూద్దాం. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

మనం పట్టుకునే ఉదాహరణ ఒక చెక్క సామాన్ల వర్క్‌షాప్. ఇది ఊరికే ఎంచుకున్నది కాదు. ఈ పద్ధతికి తొలి రూపం 1939లో లియొనీద్ కాంటొరోవిచ్ అనే సోవియట్ గణితవేత్త ఇచ్చాడు, అతని దగ్గరికి ఆ సమస్య వచ్చింది ఒక ప్లైవుడ్ ట్రస్టు నుంచే. మనం సాల్వర్‌లో నొక్కే 'సింప్లెక్స్' పద్ధతిని 1947లో అమెరికాలో జార్జ్ డాంట్‌జిగ్ తయారుచేశాడు.

1. నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"వచ్చే వారం ఎన్ని టేబుళ్లు, ఎన్ని కుర్చీలు, ఎన్ని షెల్ఫులు చేయాలి?" ఇంతే. ఇందులో మూడు విషయాలు ఉండాలి: ఏమిటి, ఏ యూనిట్లలో, ఎంత కాలానికి. "ప్రొడక్షన్ మెరుగుపరచాలి" అనేది నిర్ణయం కాదు, కోరిక. వాక్యంలో 'ఎన్ని' లేదా 'ఎంత' అన్న మాట రాకపోతే మళ్లీ రాయండి.

మీ చేతిలో ఉన్నదే ఇక్కడ వేరియబుల్. కస్టమర్లు ఎంతమంది వస్తారనేది మీ చేతిలో లేదు, అది అంకెగా ఇవ్వాలి తప్ప సాల్వర్‌ని తేల్చమనకూడదు.

2. లాభం అంకె సరిచేసుకోండి

తప్పులు ఎక్కువ దొర్లేది ఇక్కడే. ఒక్కో వస్తువుకు రాయాల్సిన అంకె, ఆ ఒక్కటి అదనంగా చేస్తే మీ జేబులో అదనంగా మిగిలేది. అంటే అమ్మకం ధరలోంచి ఆ వస్తువు కోసమే అయ్యే ఖర్చులు తీసేస్తే వచ్చేది. షెడ్ అద్దె, మేనేజర్ జీతం లాంటివి ఎన్ని చేసినా మారవు కాబట్టి వాటిని వస్తువులకు పంచకండి. అకౌంట్స్ వాళ్లిచ్చే 'యూనిట్‌కి నికర లాభం'లో అవి అప్పటికే పంచేసి ఉంటాయి, అడిగి తీయించండి. అలా పంచిన అంకెలు వేస్తే కొన్ని వస్తువులు అనవసరంగా నష్టంలో కనబడతాయి, సాల్వర్ వాటిని పక్కన పెట్టేస్తుంది. అద్దె మాత్రం అలాగే కట్టాలి.

మన వర్క్‌షాప్‌లో: టేబుల్‌కి 100, కుర్చీకి 44, షెల్ఫుకి 58. ఏ కరెన్సీ అయినా అనుకోండి.

3. అడ్డంకులను రాయండి

ఒక్కో వనరుకు ఒక్కో లైను:

- పలకలు: టేబుల్‌కి 10, కుర్చీకి 3, షెల్ఫుకి 6. వారానికి ఉన్నవి 300.
- బిగింపు గంటలు: 5, 4, 2. ఉన్నవి 220.
- పాలిష్ గంటలు: 4, 1, 2. ఉన్నవి 120.

ఇక్కడ ఆగి మీ అంచనా ఒకటి కాగితం మీద రాసి పెట్టుకోండి. చాలామంది చెప్పేది: "టేబుల్‌లోనే ఎక్కువ మిగులుతోంది కదా, ముందు అవే చేద్దాం." అలా చేస్తే 30 టేబుళ్లకి పలకలన్నీ అయిపోతాయి, మిగిలేది 3000. ఈ అంకె గుర్తుంచుకోండి.

హెచ్చరిక: యూనిట్లు. ఒకసారి నేను వాడకం గంటల్లో రాసి, ఉన్న సమయం నిమిషాల్లో వేశాను. ఆ అడ్డంకి 60 రెట్లు వదులైపోయింది. సాల్వర్ కిక్కురుమనలేదు, ఎర్రర్ ఏమీ రాలేదు, జవాబు అద్భుతంగా ఉంది. రెండు రోజులు సంబరపడ్డాక పాలిష్ చేసే ఆయన ప్లాన్ చూసి "మిగతా పాలిష్ వాళ్లు ఎప్పుడొస్తున్నారు?" అని అడిగాడు. అప్పటి నుంచి ప్రతి వరుస పక్కన యూనిట్ పేరు రాయనిదే అంకె వేయను.

4. షీట్ వేయండి

మొదటి వరుసలో పేర్లు: బి గడిలో టేబుల్, సిలో కుర్చీ, డిలో షెల్ఫు. రెండో వరుస ఖాళీ, అది సాల్వర్ నింపాల్సిన చోటు. దానికి పసుపు రంగు వేయండి. మూడో వరుసలో లాభాలు. నాలుగు, ఐదు, ఆరు వరుసల్లో పలకలు, బిగింపు, పాలిష్. ఎఫ్ నిలువు వరుసలో 300, 220, 120.

మధ్యలో ఉన్న 'ఈ' (E) నిలువు వరుసలో ఫార్ములాలు. ఈ3లో లాభాల వరుసను పసుపు వరుసతో గుణించి కలిపే సమ్‌ప్రొడక్ట్ ఫార్ములా రాయండి (షీట్‌లో దాని పేరు ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి). పసుపు వరుసకు డాలర్ గుర్తులు పెట్టి కట్టేస్తే, అదే ఫార్ములాని ఈ4 నుంచి ఈ6 దాకా లాగేయవచ్చు. డాలర్ గుర్తులు మర్చిపోతే కింది ఫార్ములాలు పసుపు వరుసను కాకుండా దాని కింది వరుసను పట్టుకుంటాయి.

సాల్వర్ జోలికి వెళ్లేముందు పసుపు గడుల్లో 1, 1, 1 వేసి చూడండి. లాభం 202, పలకలు 19, బిగింపు 11, పాలిష్ 7 రావాలి. రాకపోతే ఫార్ములా తప్పు. ఈ పది సెకన్ల పరీక్ష నాకు ఎన్ని గంటలు మిగిల్చిందో చెప్పలేను.

5. సాల్వర్ నడపండి

పై పెట్టెలో ఈ3, దాని కింద 'మ్యాక్స్'. మార్చాల్సిన గడులుగా బి2 నుంచి డి2. అడ్డంకుల దగ్గర 'యాడ్' నొక్కి, ఈ4 నుంచి ఈ6 విలువలు ఎఫ్4 నుంచి ఎఫ్6 కన్నా తక్కువ లేదా సమానం అని ఒకేసారి ఇవ్వవచ్చు.

తర్వాత రెండు విషయాలు తప్పక చూడండి. ఒకటి, నెగెటివ్ విలువలు రాకుండా చూసే టిక్ ఉండాలి. అది లేకపోతే సాల్వర్ 'మైనస్ 20 కుర్చీలు' చేసి, వాటిని విప్పదీసిన పలకలతో టేబుళ్లు కట్టేస్తుంది. లెక్క ప్రకారం దానికి అందులో తప్పేమీ కనబడదు. రెండు, పద్ధతి 'సింప్లెక్స్ ఎల్‌పీ' అని ఎంచుకోండి. ఎక్సెల్ మామూలుగా జీఆర్‌జీ నాన్‌లీనియర్‌ని ముందే పెట్టి ఉంచుతుంది. దానితోనూ చాలాసార్లు సరైన జవాబే వస్తుంది కానీ, మీ మోడల్ లీనియర్ కాకపోతే అది మీకు చెప్పదు. సింప్లెక్స్ చెబుతుంది.

'సాల్వ్' నొక్కండి. టేబుళ్లు 0, కుర్చీలు 40, షెల్ఫులు 30, లాభం 3500.

ఒక్కోదాని మీద అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చే టేబుల్ ఒక్కటి కూడా లేదు! 3వ మెట్టులో రాసుకున్న 3000 పక్కన ఇది 500 ఎక్కువ. కారణం సింపుల్. టేబుల్ పది పలకలు తినేస్తోంది, అవే పలకలు కుర్చీలు, షెల్ఫులు కలిపి చేస్తే ఎక్కువ సంపాదిస్తున్నాయి.

6. మెసేజ్ చదవండి, క్లిక్ చేసి దాటేయకండి

"అన్ని షరతులూ తీరాయి" అని వస్తే సరే. మిగతా మూడు మెసేజ్‌లు భయపడాల్సినవి కాదు, ఎక్కడ వెతకాలో చెప్పేవి.

*సాధ్యమైన జవాబు దొరకలేదు.* మీ షరతులు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. "కనీసం 51 షెల్ఫులు కావాలి" అని ఇచ్చి చూడండి. వాటికి 306 పలకలు కావాలి, ఉన్నవి 300. చిన్న మోడల్‌లో ఒక్కో షరతు తీసేసి నడిపి, ఏది తీస్తే దారి దొరికిందో చూడొచ్చు. పెద్ద మోడల్‌లో 'బయట కొన్న పలకలు' అని ఇంకో వేరియబుల్ కలిపి, దానికి బాగా ఎక్కువ ఖర్చు పెట్టండి. ఎక్కడ ఎంత తక్కువ పడిందో సాల్వరే చూపిస్తుంది. నాకు ఈ రెండో దారే ఇష్టం, ఎందుకంటే పైవాళ్లకు "కుదరదు" అని చెప్పడం కన్నా "ఆరు పలకలు తక్కువ" అని చెప్పడం తేలిక.

*లక్ష్యం విలువ ఎక్కడా ఆగడం లేదు.* లాభం అనంతం దాకా పోతోందన్నమాట. సంతోషించకండి. ఒక అడ్డంకి మర్చిపోయారు, లేదా గుర్తు తిరగేశారు, లేదా ఫార్ములా పసుపు వరుసకు తగల్లేదు.

*లీనియర్ షరతులు తీరడం లేదు.* ఎక్కడో ఇఫ్, మ్యాక్స్, రౌండ్ లాంటి ఫార్ములా ఉంది, లేదా ఒక పసుపు గడిని ఇంకో పసుపు గడితో గుణించారు లేదా భాగించారు.

7. చేత్తో సరిచూడండి

కాలిక్యులేటర్ తీయండి. 40 కుర్చీలకు 120 పలకలు, 30 షెల్ఫులకు 180, మొత్తం 300. బిగింపు 160, 60 కలిపి 220. పాలిష్ 40, 60 కలిపి 100, ఇంకా 20 గంటలు మిగిలి ఉంది. లాభం 1760, 1740 కలిపి 3500.

ఆ తర్వాత మోడల్‌ని కాస్త కుదిపి చూడండి:

- పలకలు సున్నా చేస్తే అన్నీ సున్నా కావాలి.
- పాలిష్ గంటలు 120 నుంచి 130 చేస్తే ఏమీ మారకూడదు. ఉన్నవే మిగిలిపోతున్నాయి కదా.
- పలకలు 301 చేస్తే లాభం 3508 కావాలి.

జవాబు ఇలా కదలకపోతే, చూడటానికి ఎంత బాగున్నా దాన్ని ఎవరికీ పంపకండి.

ఇంకో పరీక్ష: ప్లాన్‌ని పని దగ్గరి మనిషికి చూపించి "ఇది చేయగలమా?" అని అడగండి. "అబ్బే, కుదరదు" అంటే ఎందుకని అడగండి. వచ్చే జవాబు ఎప్పుడూ మీరు రాయని ఒక షరతే. ఇది అందరికీ జరిగేదే, డాంట్‌జిగ్‌కి కూడా జరిగింది. తను బరువు తగ్గడానికి తిండి ప్రణాళికను లీనియర్ ప్రోగ్రామింగ్‌కి అప్పగించాడు. కడుపు నిండినట్టుండాలని, నీటి బరువు పోగా మిగిలే బరువు ఎక్కువుండేలా అడిగాడు. కంప్యూటర్ రోజుకు 500 గ్యాలన్ల వెనిగర్ తాగమంది! పట్టికలో వెనిగర్‌కి నీటి శాతం సున్నా అని ఉండటమే కారణం. వెనిగర్ తీసేస్తే ఈసారి రోజుకు 200 బూయాన్ క్యూబులు (ఉప్పగా ఉండే సూప్ దిమ్మలు) తినమంది, ఉప్పుకి పైహద్దు పెట్టలేదు మరి. యంత్రం తప్పు చేయలేదు, అడిగిందే ఇచ్చింది. మీ ప్లాన్‌లో 'వెనిగర్' ఎక్కడుందో వెతకడమే ఈ మెట్టు.

8. అసలు పనిలో వచ్చే షరతులను చేర్చండి

*కనీస ఆర్డర్.* పాత కస్టమర్‌కి 10 టేబుళ్లు ఇస్తామని మాటిచ్చారనుకోండి. టేబుళ్లు 10 లేదా ఎక్కువ అని ఒక లైను చాలు. లాభం 3500 నుంచి 3450కి దిగుతుంది. ఆ 50 ఆ మాట ఖరీదు. ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం, కానీ ఖరీదు తెలిసి ఇవ్వడం వేరు.

*నిష్పత్తి.* "మొత్తంలో షెల్ఫులు 40 శాతం దాటకూడదు." షెల్ఫులను మొత్తంతో భాగించి 0.4 కన్నా తక్కువ అని ఇస్తే మోడల్ లీనియర్‌గా ఉండదు. అదే మాటను తిప్పి రాయండి: షెల్ఫుల సంఖ్య, మొత్తం సంఖ్యను 0.4తో గుణించినదానికన్నా తక్కువ లేదా సమానం. అర్థం అదే, భాగహారం పోయింది.

*సగం కుర్చీ.* పైన 10 టేబుళ్ల షరతు పెట్టగానే జవాబు 34.44 కుర్చీలు, 16.11 షెల్ఫులు అని వస్తుంది. వారం వారం సాగే పనికి ఇది ఇబ్బంది కాదు, మిగిలినది వచ్చే వారం పూర్తవుతుంది. అలా కుదరకపోతే ఆ గడులకు 'ఇంట్' షరతు, అంటే పూర్ణ సంఖ్యలే రావాలని, పెట్టండి: 10, 34, 16 వస్తాయి, లాభం 3424. "దశాంశాలు కొట్టేసినా ఇదే వస్తుందిగా?" అంటారు. ఇక్కడ వచ్చింది. అన్నిసార్లూ రాదు.

చూడండి: చేతిలో 20 ఉంది. పెద్ద బండి ధర 7, రాబడి 15. చిన్న బండి ధర 4, రాబడి 8. పెట్టిన డబ్బుకు పెద్దదే మేలు కాబట్టి మామూలు సాల్వర్ 2.86 పెద్ద బళ్లు కొనమంటుంది. మూడు కొందామంటే 21 కావాలి, డబ్బు చాలదు. రెండు కొని మిగిలిన 6తో ఒక చిన్నది తీసుకుంటే రాబడి 38. అసలు మంచి జవాబు ఐదు చిన్న బళ్లు, పెద్దవి సున్నా, రాబడి 40. దశాంశాలు కొట్టేసే దారిలో అక్కడికి ఎప్పటికీ చేరరు. నా లెక్కలో సూత్రం ఇది: జవాబు వందల్లో ఉంటే దశాంశం కొట్టేయండి, ఒకట్లలో ఉంటే ఇంట్ పెట్టండి.

ఇంట్ వాడితే ఒక జాగ్రత్త. సాల్వర్ ఆప్షన్స్‌లో ఇంటీజర్ ఆప్టిమాలిటీ అనే శాతం మామూలుగా 1 అని ఉంటుంది. అంటే మేలైన జవాబుకు ఒక శాతం దగ్గరకు రాగానే ఆగిపోవచ్చు. దాన్ని 0 చేయండి.

*మొదలుపెడితేనే పడే ఖర్చు.* షెల్ఫులు ఒక్కటి చేసినా, ముప్పై చేసినా మెషీన్ సెట్ చేయడానికి 200 అవుతుందనుకోండి. ఇది 'రెండింతలకు రెండింతలు' కాదు. దీనికో స్విచ్ గడి పెట్టి, దానికి 'బిన్' షరతు ఇవ్వండి, అంటే 0 లేదా 1 మాత్రమే. లాభంలోంచి 200 ఇంటూ స్విచ్ తీసేయండి. షెల్ఫులు 50 ఇంటూ స్విచ్ కన్నా తక్కువ లేదా సమానం అని రాయండి. ఈ 50 ఎక్కడిది? 300 పలకలతో అంతకు మించి షెల్ఫులు రావు కాబట్టి. "ఎందుకైనా మంచిది" అని పది లక్షలు వేయకండి. స్విచ్‌ని సున్నాకి వెంట్రుకవాసి దూరంలో పెట్టి, ఖర్చు ఎగ్గొట్టి, షెల్ఫులు చేసేస్తుంది.

10 టేబుళ్ల షరతు తీసేసి, మూడింటికీ ఇంట్ పెట్టి దీన్ని నడిపితే ప్లాన్ మొత్తం తలకిందులవుతుంది: 22 టేబుళ్లు, 26 కుర్చీలు, షెల్ఫులు సున్నా, లాభం 3344. షెల్ఫులతోనే ఉంటే 3500లోంచి 200 పోయి 3300 మిగిలేది.

9. సెన్సిటివిటీ రిపోర్టు తీయండి

జవాబు వచ్చాక వచ్చే పెట్టెలో 'సెన్సిటివిటీ' ఎంచుకుంటే ఇంకో షీట్ తయారవుతుంది. ఇంట్, బిన్ షరతులు ఉంటే ఇది రాదు, కాబట్టి ముందు అవి లేకుండా ఒకసారి నడపండి. నా దృష్టిలో ప్లాన్ కన్నా ఈ షీట్ విలువైనది.

షాడో ప్రైస్ చూడండి. పలకలకు 8, బిగింపుకు 5, పాలిష్‌కు 0. అంటే ఇంకో పలక దొరికితే లాభం 8 పెరుగుతుంది. ఇంకో బిగింపు గంట 5 తెస్తుంది. పాలిష్ గంట ఏమీ తేదు. కొత్త పాలిష్ మెషీన్ కొందామన్న మాట వస్తే ఈ సున్నా చూపించండి.

దీన్ని చదవడంలో అందరూ జారే చోటు: పలక ఖరీదు లాభం అంకెలో ముందే తీసేసి ఉంటే, ఈ 8 మామూలు ధర మీద అదనం. పలక మామూలుగా 12కి వస్తుంటే, అత్యవసరంగా 20 దాకా పెట్టి కొన్నా నష్టం లేదు. "పలకకి 8 మించి ఇవ్వకూడదు" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఓవర్‌టైమ్ గంటకూ ఇదే లెక్క.

పక్కనే 'అలవబుల్ ఇంక్రీజ్' ఉంటుంది. పలకలకు 60. అంటే ఈ 8 అనే రేటు 360 పలకల వరకే. ఆ తర్వాత పాలిష్ గంటలు అడ్డం పడతాయి. పైగా ఈ రేట్లు ఒక్కోటి విడిగా మారినప్పటి మాట. పలకలూ గంటలూ రెండూ ఒకేసారి మార్చాలంటే రిపోర్టు చూసి కూడికలు వేయకండి, అంకెలు మార్చి మళ్లీ నడపండి.

టేబుల్ పక్కన రెడ్యూస్డ్ కాస్ట్ మైనస్ 5 అని ఉంటుంది. టేబుల్ లాభం 100 కాక 105 దాటితేనే అది ప్లాన్‌లోకి వస్తుందని దాని అర్థం. 106 వేసి నడపండి. టేబుళ్లు సున్నా నుంచి ఒకేసారి 21.6కి ఎగురుతాయి, కుర్చీలు 28, షెల్ఫులు సున్నా. లాభం మాత్రం 3521.6. పాత ప్లాన్‌తోనే ఉన్నా 3500 వచ్చేది.

ఇక్కడ కాస్త నిదానించండి. ప్లాన్ పూర్తిగా తిరగబడింది, మిగులులో తేడా 22 కూడా లేదు. టేబుల్ లాభం 100 అన్నది మీ అంచనాయే అయితే, అది 94 కావచ్చు, 106 కావచ్చు. అలాంటప్పుడు రెండు ప్లాన్లలో మనుషులకు అలవాటైనది, తేలిగ్గా అమ్ముడయ్యేది ఎంచుకోండి. సాల్వర్ ప్రతి వారం వేరే ప్లాన్ ఇస్తోందని టెన్షన్ పడేవాళ్లకు చాలాసార్లు జరుగుతున్నది ఇదే. అంకెలు గీతకు ఇటో అటో ఊగుతున్నాయి, అంతే.

షీట్ చాలనప్పుడు

ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ 200 వేరియబుల్స్ దాటితే తీసుకోదు. పది గోడౌన్ల నుంచి పాతిక షాపులకు సరుకు పంపడం అంటేనే 250 వేరియబుల్స్, కాబట్టి రవాణా లెక్కల్లో ఈ హద్దు త్వరగా తగులుతుంది. అప్పుడు ఓపెన్‌సాల్వర్‌కి గానీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి గానీ మారండి. పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ ఉచితం, షరతులను దాదాపు మాటల్లా రాయొచ్చు, లెక్క కట్టే ఇంజిన్ కూడా దానితోనే వస్తుంది. పైథాన్‌లోనే సైపై అనే ఇంకో లైబ్రరీలోని లిన్‌ప్రాగ్ వాడితే ఒకటి గుర్తుంచుకోండి: అది కనిష్ఠం మాత్రమే వెతుకుతుంది. లాభాలకు ముందు మైనస్ పెట్టి ఇవ్వాలి, వచ్చిన జవాబు గుర్తు మళ్లీ తిప్పాలి. మర్చిపోతే "ఏమీ చేయకండి, అదే ఉత్తమం" అని అన్నీ సున్నాలిస్తుంది. నిరుడు ఒకాయన ఆ సున్నాలు పంపి మోడల్ పాడైందన్నారు. మోడల్ బాగానే ఉంది. ఖర్చు అనుకుని లాభాన్ని తగ్గించింది, పాపం.

ఏ టూల్‌కి మారినా మొదట ఈ మూడు వస్తువుల లెక్కనే అందులో వేసి 0, 40, 30 వచ్చేలా చూసుకోండి. ఆ తర్వాతే మీ అసలు డేటా ఎక్కించండి.